నీరుగంటి మనవరాలు ఎంచుకున్న పాఠం



కాలేజీలో చదువుతున్న పిల్లలున్న ఇళ్ళల్లో ఈ మధ్య ఒక మాట తరచుగా వినిపిస్తోంది. అది 'ఓపెన్ ఎలక్టివ్'. పిల్లలు ఫోనులో ఆ మాట చెబుతారు. తల్లిదండ్రులు సరేనంటారు. ఫోను పెట్టేసిన తరువాత అదేమిటని ఒకరినొకరు అడుగుకొంటారు. మాకు కూడా, పోయిన దసరా సెలవుల వరకు, దాని సంగతి సరిగ్గా తెలియదు.

ఆ సెలవుల్లో ఒక ఆదివారం ఆరాధన ముగిసి అందరూ వెళ్ళిపోయిన తరువాత మన సంఘంలోని ఒక సహోదరుడు వరండాలో నిలబడే ఉన్నాడు. చేతిలో మడతపెట్టిన కాగితం ఉంది. నల్లమల కొండల కింద ఉన్న ఆ ఊరిలో ఆయనకు చెరువు కింద ఎకరా ఇరవై సెంట్ల భూమి ఉంది. అదీ చివరి ఆయకట్టులో. నీళ్ళు వచ్చిన ఏడు వరి, రాని ఏడు కంది. రెండు గేదెలు, మిగతా దినాల్లో కూలి పని. పెద్ద కుమార్తె ఇంజనీరింగు మూడవ సంవత్సరంలో ఎలక్ట్రానిక్స్ చదువుతోంది. ఆ వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆ అమ్మాయే.

"అయ్యగారూ, దీంట్లో ఒకటి ఎంచుకోవాలంట. బుధవారం ఆఖరు. మా పిల్ల ఏందో చెరువులు, కాలవలు అంటోంది. మీరు చెబితే వింటది" అన్నాడు.

కాగితం విప్పి చూచాం. అయిదు పేర్లున్నాయి. పైథాన్ ప్రోగ్రామింగ్, వ్యాపార నిర్వహణ, విపత్తుల నిర్వహణ, పారిశ్రామిక భద్రత, చివరిగా 'దక్షిణ భారతంలో నీటి వాడకం – చరిత్ర' అనే సెమినార్. మేము రెండు నిమిషాలైనా ఆలోచించలేదు. బెంగళూరులో ఉన్న ఆయన మేనల్లుడు కూడా పైథాన్ తీసుకోమన్నాడట. కనుక దాని కింద గీత గీసి కాగితం తిరిగి ఇచ్చేశాం. "చెరువు సంగతి మనకు తెలియనిదా, దానికి కాలేజీ ఎందుకు?" అని నవ్వాం కూడా.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతి చెబితే మా సతీమణి ఒకే ప్రశ్న వేసింది. "ఆ పిల్లను అడిగారా? పెండ్లి సంబంధం వస్తే పిల్లను అడగకుండా మాట ఇవ్వకూడదని ప్రసంగాల్లో చెబుతారే!" మాకు ముద్ద దిగలేదు. మరునాడు ఆ అమ్మాయిని పిలిపించాం.

వచ్చి బల్ల అంచున కూర్చుంది. పైథాన్ మీద తనకేమీ కోపం లేదన్నది. "అది స్వయం వెబ్‌సైటులో ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు అయ్యగారూ. చేరడానికి డబ్బు అక్కర్లేదు, సర్టిఫికెట్టు కావాలంటే పరీక్షకు ఫీజు కట్టాలి. ఎండాకాలం సెలవుల్లో చేస్తాను. ఈ సెమినార్ మాత్రం ఇంకెక్కడా దొరకదు. పదిహేను మందినే తీసుకుంటారు."

సెమినార్ అంటే ఏమిటని అడిగాం. మేమెరిగిన సెమినార్లు మూడు దినాలు భోజనాలతో జరిగేవి. ఆ అమ్మాయి నవ్వి వివరించింది. మామూలు క్లాసులో అయ్యవారు బోర్డు దగ్గర నిలబడి చెబుతారు, పిల్లలు వ్రాసుకొంటారు. ఇక్కడ అందరూ బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒక్కొక్క వారం ఒకరు తాము చదివిన శాసనమో, పటమో, ప్రభుత్వ రికార్డో తెచ్చి దాని గురించి మాట్లాడాలి. మిగిలినవారు ప్రశ్నలు అడగాలి. చివరికి ఎవరికి వారు ఒక పత్రం వ్రాసి ఇవ్వాలి. సివిల్ వారు, కంప్యూటరు వారు, ఎలక్ట్రానిక్స్ వారు అందరూ కలిసే ఉంటారు.

"మూడేండ్లలో నేను క్లాసులో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు అయ్యగారూ" అన్నది. "ఇంగ్లీషు తప్పు పోతుందని భయం. అక్కడ ప్రశ్న అడగకపోతే మార్కులే లేవు. అందుకైనా నోరు తెరుస్తానేమో."

ఆదివారాల్లో పాటలు ఎత్తుకొనే పిల్ల ఈ మాట చెప్పేసరికి మాకు బాధ కలిగింది. అయితే ఆమె ఆశ అంతటితో ఆగలేదు. అది చెప్పే ముందు, ఈ ఎలక్టివ్ అనే పద్ధతి ఎక్కడి నుండి వచ్చిందో నాలుగు మాటల్లో చెప్పుకోవాలి. కాలేజీ పిల్లల తల్లిదండ్రులు ఓపికతో చదవగలరు.

మన దేశంలోని విశ్వవిద్యాలయాల్లో పిల్లలు కొన్ని పాఠాలను తామే ఎంచుకొనే క్రెడిట్ పద్ధతికి యు.జి.సి. 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. క్రెడిట్ అంటే పాఠానికి కట్టిన తూకం వంటిది. సాధారణంగా వారానికి మూడు గంటల పాఠానికి మూడు క్రెడిట్లు, అంటే సెమిస్టరుకు సుమారు 45 గంటలు. ఇంజనీరింగు చదువుకు ఎ.ఐ.సి.టి.ఇ. 2018లో ఇచ్చిన నమూనాలో మొత్తం 160 క్రెడిట్లు ఉన్నాయి. అందులో 18 క్రెడిట్లు విద్యార్థి తన శాఖ బయట కూడా తీసుకోగల పాఠాలకు కేటాయించారు. తరువాత 2020లో వచ్చిన జాతీయ విద్యా విధానం కూడా సైన్సు పిల్లలు చరిత్ర, చరిత్ర పిల్లలు సైన్సు చదువవచ్చునని గట్టిగానే చెప్పింది. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో 2023-24 నుండి పాత మూడు సబ్జెక్టుల పద్ధతి స్థానంలో ఒక మేజరు, దానికి తోడుగా ఒక మైనరు అనే పద్ధతి ప్రవేశపెట్టారు.

కాగితం మీద ఇది బాగానే ఉంది. పల్లెపట్టు కాలేజీల్లో మాత్రం ఎంపిక చాలాసార్లు పేరుకే. చెప్పడానికి ఒక్క అధ్యాపకుడే ఉంటే, జాబితాలో అయిదు ఉన్నా క్లాసు ఒక్కటే నడుస్తుంది. చేరేవారు తక్కువైతే ఆ పాఠాన్ని రద్దు చేస్తారు. సులభంగా మార్కులు పడే పాఠానికి అందరూ ఎగబడతారు. అటువంటి చోట్ల ఒక అధ్యాపకుడు పదిహేను మందితో సెమినార్ నడుపుతానని ముందుకు రావడమే విశేషం. ఆ కాగితం మీద గీత గీసే ముందు మాకు ఇవేవీ తెలియవు. తెలియకుండానే గీశాం.

ఇప్పుడు ఆ అమ్మాయి అసలు ఆశ. వాళ్ళ తాత ఆ ఊరి చెరువుకు నీరుగంటి. ఈ తరం పిల్లలకు ఆ మాట తెలియకపోవచ్చు. చెరువు తూము తెరవడం, మూయడం, వంతుల ప్రకారం ఎవరి మడికి ఎంతసేపు నీరు పారాలో చూడడం, వాన రాత్రి గొంగళి కప్పుకొని కట్ట మీద తిరిగి ఎక్కడైనా నీరు ఊరుతున్నదేమో కనిపెట్టడం నీరుగంటి పని. అనేక గ్రామాల్లో ఈ పని మన పల్లెల్లోని బీద కుటుంబాలదే. కూలి డబ్బు కాదు, పంట నూర్చినప్పుడు కల్లంలో ఇచ్చే గింజలు. ఊరందరికీ నీళ్ళు పంచిన మనిషికి సొంత మడి చాలాచోట్ల ఉండేది కాదు.

ఈ తాతను మేము ఎరుగుదుము. ప్రభువునందు నిద్రించి పది సంవత్సరాలు కావస్తోంది. సంతకం చేయడం రాదు, వేలిముద్రే. అయితే తూము దగ్గరి రాతిపై నీటి మట్టం చూచి ఇంకా ఎన్ని తడులకు నీరు వస్తుందో చెప్పేవాడు. ఆయన మాట నమ్మి నాట్లు వేసిన రైతులను మేమే చూచాం. ఆ చెరువుకు ఇప్పుడు నీరు సరిగ్గా రావడం లేదు. కొండ వైపు నుండి వచ్చే వాగు కాలువ ఎక్కడో పూడిపోయింది, కొంత పొలాల్లో కలిసిపోయింది. ఎక్కడ కలిసిందో ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతారు. నీళ్ళు వచ్చిన ఏడు కూడా అవి చివరి మడి చేరేసరికి తూము మూసేస్తారు.

"తాతకు ఆ కాలువ ఎక్కడ పోయేదో తెలుసు. నేను చిన్నప్పుడు అడగలేదు" అన్నది ఆ అమ్మాయి. "పాత గ్రామ పటాల్లో కాలువ గుర్తు ఉంటుందంట. రికార్డుల్లో దానికి సర్వే నెంబరు ఉంటుందంట. అవి చదవడం ఈ సెమినార్లో నేర్పుతారు. పటం చదవడం వస్తే నాన్నకు మాటల సాక్ష్యం కాకుండా కాగితం చూపించవచ్చు."

1984లో కరణం, మునసబు పదవులు రద్దయిన తరువాత రికార్డులు ఊరి ఇండ్లలో నుండి ఆఫీసులకు వెళ్ళాయి. ఆఫీసుకు వెళ్ళి ఏమని అడగాలో తెలిసిన మనిషి మన పల్లెల్లో ఎంతమంది ఉన్నారు? 1997లో నీటి సంఘాల చట్టం వచ్చింది, ఎన్నికలూ జరిగాయి. అయినా పటం చేతపట్టుకొని మాట్లాడిన చివరి ఆయకట్టు రైతును మేము చూడలేదు. ఈ పిల్ల చెరువుల కథలు వినడానికి పోతోందని అనుకొన్నాం. తండ్రి పొలానికి నీరు వచ్చే దారి వెదకడానికి పోతోంది!

సెమినార్ అయ్యవారు ముందుగానే చదవమని ఒక శాసనం పేరు ఇచ్చారట. అది మనకు దూరమేమీ కాదు. కడప జిల్లా పోరుమామిళ్ళలో ఉన్న పెద్ద చెరువు శాసనం. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, ఉదయగిరి నుండి పాలిస్తూ ఆ చెరువు కట్టించి, 1369లో ఈ శాసనం వేయించాడు. మేము సంతకు, పెండ్లికి ఆ ఊరి మీదుగా ఎన్నోసార్లు వెళ్ళాం. చెరువు చూచాం, శాసనం సంగతి ఈ అమ్మాయి నోటనే విన్నాం.

సంస్కృతంలో ఉన్న ఆ శాసనంలో మంచి చెరువుకు కావలసినవి పన్నెండు చెప్పారు. ధర్మం ఎరిగిన ధనవంతుడైన రాజు, నీటి శాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి బంకనేల, తీయని నీటి ఏరు, ఆనుకొని కట్టడానికి కొండ, మరీ పొడవు కాని గట్టి రాతి కట్ట, లోతైన విశాలమైన గర్భం, దగ్గరలో నిడుపాటి రాళ్ళు దొరికే గని, చుట్టూ సారవంతమైన చదును పొలాలు, చివరగా పని తెలిసిన కూలీల గుంపు, ఇలా సాగుతుంది ఆ లెక్క. చెరువుకు ఉండకూడని దోషాలు ఆరు చెప్పారు. కట్టలో నుండి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, గర్భం మధ్యలో మిట్ట ఉండడం, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై భూమి చాలకపోవడం. అయిదవ దోషం విని ఆ సహోదరుడు "మన చెరువు సంగతి ఆ రాతి మీద ఎవరు చెక్కారు?" అన్నాడట. సరిహద్దు గొడవ చెరువుకు దోషమని ఆరువందల యాభై ఏండ్ల కిందట వ్రాసినవారు, నదుల నీటి మీద రాష్ట్రాలు పడుతున్న తగవులు చూస్తే ఏమనేవారో!

ఈ ఒక్క శాసనం అర్థం కావాలంటే నేల సంగతి తెలియాలి, నీటి ఒత్తిడి సంగతి తెలియాలి, భాష రావాలి, రాజుల చరిత్ర తెలియాలి. ఒక్క శాఖవారికి అది లొంగదు. ఎలక్ట్రానిక్స్ పిల్లకు అక్కడ ఏమి పని అని మేమే అడిగాం. నీటి మట్టం కొలిచి ఫోనుకు సమాచారం పంపే చిన్న పరికరాలు తమ శాఖలోనే చేస్తారని చెప్పింది. "తయారు చేయడం మాకు వచ్చు అయ్యగారూ. తూము దగ్గర ఎక్కడ పెట్టాలో, ఆ లెక్క ఎవరికి కావాలో మాకు ఎవరూ చెప్పరు."

ఆ శాసనంలో ఇంకొక లెక్క ఉంది. రెండు సంవత్సరాల పాటు వెయ్యి మంది కూలీలు, రాళ్ళకు నూరు బండ్లు. ఆ అమ్మాయి అక్కడ ఆగింది. "రాజు పేరు ఉంది. ఆ వెయ్యి మందిలో ఒక్కరి పేరూ లేదు. పని తెలిసిన కూలీలు కావాలని పన్నెండింటిలో ఒకటిగా వ్రాసుకొన్నారు గదా, వాళ్ళు ఎవరు, వాళ్ళకు ఆ పని ఎవరు నేర్పారు అని అడగాలనుంది. నా పత్రం తాత మీద వ్రాయవచ్చునా అని కూడా అడుగుతాను. ఒప్పుకొంటారో లేదో."

చదువురాని నీరుగంటి మీద ఇంజనీరింగు కాలేజీలో ఒక పత్రం! మాకు వెంటనే ఏమనాలో తోచలేదు. "అడుగమ్మా" అన్నాం.

రెండు నెలల కిందట మేము దానియేలు గ్రంథం మీద ప్రసంగించాం. రాజు భోజనం వద్దన్న సంగతి మీద ముప్పావు గంట మాట్లాడాం. అదే అధ్యాయంలో ఆ నలుగురు యౌవనస్థులు కల్దీయుల విద్యను, భాషను నేర్చుకొన్నారు. భోజనం వద్దన్నారు గాని ఆ విద్య వద్దనలేదు. ఆ సంగతి ఆ దినం మా నోట రానే లేదు.

తనది కాని విద్య ఏ దినాన అక్కరకు వస్తుందో ఎవరికి తెలుసు? ఒంగోలు ప్రాంతపు పెద్దలకు జాన్ క్లౌ దొరగారి పేరు కొత్త కాదు. 1865లో ఈ దేశానికి వచ్చి, మరుసటి ఏడు ఒంగోలులో కాపురం పెట్టిన బాప్టిస్టు మిషనరీ ఆయన. మిషనరీ కాకముందు, యౌవనంలో అమెరికాలోని మిన్నెసోటా ప్రాంతంలో భూమి సర్వే చేసే బృందంలో పనిచేశాడు. 1876-78 నాటి మహాకరువులో బకింగ్‌హాం కాలువ త్రవ్వకం జరుగుతున్నప్పుడు, ఆ సర్వే పని ఎరిగినవాడు కనుక మూడున్నర మైళ్ళ త్రవ్వకాన్ని తానే కాంట్రాక్టుగా తీసుకొని, ఆకలితో ఉన్న వేలాది మందికి పని, కూలి ఇప్పించాడు. గొలుసు పట్టి నేల కొలిచిన దినాల్లో ఆయన ఒంగోలు పేరు కూడా విని ఉండడు.

మా సంగతి కూడా చెప్పుకోవాలి. మేము వేదాంత డిప్లొమా చదివిన రోజుల్లో సాయంత్రం వేళ లెక్కల పుస్తకం వ్రాయడం నేర్పేవారు. ఇష్టమైతేనే చేరవచ్చు. బోధకునికి జమాఖర్చులెందుకని మేము వాలీబాల్‌కు వెళ్ళాం. ఆ తరువాత మందిరం కట్టే దినాల్లో ఇటుక, సిమెంటు, ఇనుము లెక్కలు కలవక, కోశాధికారి ముందు రాత్రి పదకొండు గంటల దాకా చెమటలు పట్టి కూర్చున్నాం. సంఘస్థులు మంచివారు గనుక నమ్మారు.

ఇంత చెప్పినా తండ్రి భయం తీసివేయదగినది కాదు. చాలా కంపెనీలు 60 శాతమో అంతకు మించో మార్కులు లేనివారిని పరీక్షకే కూర్చోనివ్వవు. వ్రాసే అలవాటు లేని పిల్ల ఈ సెమినార్లో మార్కులు పోగొట్టుకొంటే ఆ దెబ్బ మొత్తం సగటు మీద పడుతుంది. హాస్టలు ఖర్చుకు ఒక గేదె ఇదివరకే అమ్మారు. అందుచేత తండ్రిని, కుమార్తెను ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడాం. ఇంతవరకు వచ్చిన మార్కులు ఆ అమ్మాయి కాగితం మీద వేసి చూపించింది. ఈ మూడు క్రెడిట్లలో బొటాబొటిగా గట్టెక్కినా మొత్తం సగటు 60 కిందికి దిగదని లెక్క తేలింది. పైథాన్ ఎండాకాలంలో పూర్తి చేస్తానని మాట ఇచ్చింది. ఇంగ్లీషు పత్రాన్ని ముందుగా తెలుగులో వ్రాసుకోమని, తరువాత హాస్టలులో సీనియరు చేత దిద్దించుకోమని మా సతీమణి సలహా ఇచ్చింది.

సహోదరుడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "మా నాయన మీద రాస్తావా?" అని మాత్రం అడిగాడు.

అందరి పిల్లలూ చెరువులే చదవాలని మేము చెప్పడం లేదు. ఇంకొక పిల్లకు పైథానే సరియైనది కావచ్చు. జాబితా ఇంటికి వచ్చినప్పుడు ఏది ఉద్యోగానికి పనికొస్తుందని మాత్రమే కాక, ఎందుకు కావాలని పిల్లలను కూడా అడగండి. క్లాసు నిజంగా నడుస్తుందా, ఎంతమందితో నడుస్తుంది, మార్కులు వ్రాత పరీక్షకా, మాటలకా అని కాలేజీలోనే కనుక్కోమనండి. గీత గీసే పని మాత్రం అయ్యగారికి అప్పగించవద్దు.

మంగళవారం రాత్రి ఆ అమ్మాయి ఫోనులోనే ఫారం పూర్తి చేసింది. పదిహేను సీట్లలో ఒకటి దొరికింది. మొదటి క్లాసుకు ప్రతి ఒక్కరూ తమ ఊరి నీటికి సంబంధించినది ఏదైనా ఒకటి తీసుకొని రావాలని అయ్యవారు చెప్పారట. శాసనం ఫోటో తెచ్చేవారు తెస్తారు, పుస్తకం తెచ్చేవారు తెస్తారు. తన దగ్గర ఏముందని ఆ అమ్మాయి దిగులు పడింది.

మరుసటి ఆదివారం ఆ సహోదరుడు మళ్ళీ వరండాలో నిలబడ్డాడు. ఈసారి చేతిలో బడిపిల్లల రూళ్ళ పుస్తకం. ఆయన చదివింది ఏడవ తరగతి. నాలుగు రాత్రులు కూర్చుని, వాళ్ళ నాయన నోట విన్న నీటి వంతులన్నీ జ్ఞాపకం తెచ్చుకొని వ్రాశాడు. ఏ తూము కింద మొదట ఎవరి మడి, తరువాత ఎవరిది, పగటి వంతు ఎంత, రాత్రి వంతు ఎంత, కరువు ఏడు వస్తే ఏ మడి వదిలేయాలి, కొండ కాలువ ఏ చింతచెట్టు పక్కగా పారేది, అంతా ఉంది. ఆ చింతచెట్టు ఇప్పుడు లేదు, మొదలు ఉందట. "అచ్చరం తప్పులు దిద్దండి అయ్యగారూ, కాలేజీలో నవ్వుతారు" అన్నాడు.

పదకొండు పుటలూ చదివాం. తప్పులు ఉన్నాయి. మేము ఒక్క అక్షరం కూడా దిద్దలేదు. బస్సులో తడవకుండా పాలిథిన్ సంచిలో చుట్టి ఇచ్చాం.

క్లాసులో ఏమి జరిగిందో ఆ అమ్మాయినే వ్రాయమని అడిగాం. పరీక్షలయ్యాక వ్రాస్తానన్నది.